అమ్మ పూడ్చిపెట్టిన ముక్క

మా అమ్మను నేనొక మాట అన్నాను. నాన్న కాలేయంలోంచి కోసి తీసిన గడ్డను అమ్మ పూడ్చిపెట్టి వచ్చిన రోజు, ఆసుపత్రి వరండాలో, పదిమంది వినేలా అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ మెలకువలోనే గడిచాయని ఇప్పటికీ నాకు గట్టి నమ్మకం లేదు.

మాది పిడుగురాళ్ళ. చలికాలం పొద్దున్నే లేచి చూస్తే అక్కడ ఇంకా ఏమీ తయారు కానట్టుంటుంది. మంచు, బట్టీల పొగ, సున్నపు దుమ్ము కలిసిపోయి ఎదురింటి గోడ కూడా ఎనిమిదింటికిగానీ కనబడదు. రోడ్డు మీద లారీ ముందు చప్పుడుగా వస్తుంది, తరువాత రెండు లైట్లుగా వస్తుంది, బాగా దగ్గరికొచ్చాకగానీ లారీ కాదు. ఆ తెలుపులో ఏది మంచో ఏది పొగో విడదీసి చెప్పగలిగిన మనిషి మా నాన్న మన్సూర్. ముప్పై ఏళ్ళుగా సున్నపు బట్టీ మేస్త్రీ. ఆయన రాయి మోయడు, బొగ్గు ఎత్తడు. బట్టీ చుట్టూ తిరుగుతూ పొగ రంగు చూసి "ఇంకా కాలేదు" అంటాడు, లేదా "దింపండి" అంటాడు. అంతే ఆయన పని. కొత్తగా చేరిన కూలీలు మొదటి వారం, ఈయనెవరో ఊరికే జీతం తీసుకుంటున్నాడని సణుక్కుంటారు. ఆయన రాని రోజున సగం కాలిన రాయి బయటపడ్డాక ఇంక నోరెత్తరు.

ఆయన సారా ముట్టని మనిషి. అయినా కాలేయంలో గడ్డ అనగానే ఊరంతా సీసా వైపే చూసింది. ఎప్పుడో చిన్నతనంలో రక్తంలో చేరి, చప్పుడు చేయకుండా కూర్చున్న హెపటైటిస్ బి వల్ల వచ్చిందని నేను ఎంతమందికని చెప్పను? అమ్మ మాత్రం వదల్లేదు. పరామర్శకు వచ్చిన ప్రతి ఒక్కరినీ కూర్చోబెట్టి, "మా ఆయన తాగడు, టీ తాగుతాడు, అది కూడా రెండు పూటలే" అని చెప్పి మరీ పంపేది.

ఇంతకీ నా సంగతి చెప్పలేదు. నా పేరు షాహిస్తా. హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో పనిచేస్తాను. ఐదేళ్ళుగా నేను చదువుతున్నది కాలేయ క్యాన్సరే. ఇంకొకరి ఇంట్లో అయితే దీన్ని అదృష్టం అనేవారేమో. మా ఇంట్లో మాత్రం నాన్న రిపోర్టు చూసి నేను గంటసేపు బాత్రూములో కూర్చుని బయటికొచ్చాను. తెలిసిన జబ్బు ఇంటికొస్తే తెలియని జబ్బు కంటే ఎక్కువ భయం వేస్తుంది.

ఆపరేషన్‌కు ముందు రోజు మధ్యాహ్నం, గుంటూరు ఆసుపత్రి మంచం మీద పడుకుని నాన్న అడిగాడు.

"నువ్వు చదివేది దీని గురించే గదా. అసలేంది అది, నాకు తెలిసేట్టు చెప్పు."

అమ్మ కిటికీ పక్కన కూర్చుని బత్తాయి ఒలుస్తోంది. పేరు అమీనా బీ. మేం దూదేకులవాళ్ళం, ఇంట్లో తెలుగే మాట్లాడతాం, కాబట్టి దాపరికం లేకుండా అన్నీ ఆమెకూ వినబడతాయి.

చెప్పాను. కణంలో డీఎన్ఏ ఉంటుంది. దాని నుంచి ఆర్ఎన్ఏ అనే నకళ్ళు తయారవుతుంటాయి. కొన్ని నకళ్ళను చూసి కణం ప్రోటీన్లు తయారుచేస్తుంది. మిగతావాటితో ఏ ప్రోటీనూ తయారవదు. చాలాకాలం వాటిని చెత్త అనుకున్నారు. తీరా చూస్తే ఎవరు ఎప్పుడు పనిచేయాలో, ఎవరు ఎప్పుడు ఆగాలో చెప్పేవాటిలో అవీ ఉన్నాయి.

"అంటే నాబోటోళ్ళన్నమాట" అన్నాడు నాన్న.

ఐదేళ్ళలో నా పని ఇంత తొందరగా అర్థం చేసుకున్న మనిషి ఇంకొకరు లేరు. మా గైడుకే రెండు మీటింగులు పట్టింది.

"నీబోటోళ్ళే నాన్నా. కానీ గడ్డలో ఉండే మేస్త్రీలు మంచోళ్ళు కాదు. కొందరు చిన్న చిన్న బుడగల్లో ఎక్కి రక్తంలో పడి ఊపిరితిత్తులదాకా పోతారు. మావాళ్ళు వస్తన్నారు, చోటు సిద్ధం చెయ్యండని అక్కడ కబురు చెప్పి పెడతారు. గడ్డ కణాలు ఆ తర్వాత వచ్చి దిగుతాయి."

"ముందు కబురు పోయిద్ది, ఎనకాల మనిషి పోతాడు" అని నాన్న కళ్ళు మూసుకున్నాడు. "పద్ధతిగానే చేస్తన్నాయి."

బత్తాయి తొనలు చేతిలో పట్టుకుని అమ్మ ఆయన వైపు చూస్తూ ఉండిపోయింది. ఆయన నిద్రపోయాడు. కిటికీలోంచి ఎండ ఆయన పొట్ట మీద పడింది. చాలాసేపు మేమిద్దరం ఆ ఎండనే చూశాం, లోపల ఎవరైనా బయల్దేరుతున్నారేమో కనబడుతుందన్నట్టు.

ఆ గడ్డలోంచి గోరంత ముక్క నాకు ఇవ్వడానికి సర్జన్ ఒప్పుకున్నాడు. నాన్న సంతకం పెట్టాడు. ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర ఐసుపెట్టె పట్టుకుని నేను నిలబడాలి, ముక్క చేతికి రాగానే గడ్డకట్టించి హైదరాబాదు తీసుకుపోవాలి. ఆర్ఎన్ఏ నిలవ ఉండే రకం కాదు. వెచ్చదనం తగిలినా, ఒట్టి చెయ్యి తగిలినా ముక్కలైపోతుంది. నేను ఐదేళ్ళుగా వెతుకుతున్న కబురు నాన్న గడ్డలో ఉందో లేదో నేనే చూడాలనుకున్నాను.

మర్నాడు పదకొండింటికి ఇంకో రెండు యూనిట్ల రక్తం కావాలన్నారు. ఐసుపెట్టె అమ్మ పక్కన పెట్టి బ్లడ్ బ్యాంకుకు పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి నాన్నను ఐసీయూకి మార్చారు. ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. బెంచీ మీద ఐసుపెట్టె ఒక్కటే ఉంది. అమ్మ లేదు. నమాజుకు పోయిందేమో అనుకున్నాను. నాలుగింటికి కింద ల్యాబు నుంచి ఫోన్ వచ్చింది, మన్సూర్ గారి స్పెసిమెన్ ఇంకా రాలేదేమిటని.

అమ్మ ఆరింటికి వచ్చింది. రెండు చేతులూ తెల్లగా పొక్కి ఉన్నాయి. చెప్పులకు మా ఊరి మట్టి అంటుకుని ఉంది.

"యాడికి పోయినావమ్మా?"

"ఇంటికి పోయొచ్చా. ఆయన ముక్కని తాతయ్య పక్కన పెట్టి వచ్చా."

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక బెంచీ మీది ఖాళీ ఐసుపెట్టె వైపు చూశాను.

తాతయ్య అంటే నాన్నకు నాన్న. క్వారీలో రాయి పడి ఆయన కుడికాలు మోకాలి దాకా తీసేశారు. ఆ కాలును తెల్లగుడ్డలో చుట్టి కబరస్తాన్‌లో పూడ్చారు. అమ్మ అప్పటికి కొత్తకోడలు, అదంతా దగ్గరుండి చూసింది. తాతయ్య తరువాత పదకొండేళ్ళు కర్రతో నడిచాడు. తన కాలు ముందే పోయి చోటు పట్టిందని నవ్వుతూ చెప్పేవాడు, చివరికి దాని పక్కనే పడుకున్నాడు. మనిషి ఒంట్లోంచి వేరైనది మట్టికే చేరాలి. మా ఇంట్లో ఇది ఎవరూ ఎవరికీ నేర్పని సంగతి.

తలుపు దగ్గర నేను లేకపోయేసరికి థియేటర్ నర్సు గడ్డనంతా సీసాలో వేసి అమ్మ చేతికిచ్చి, కింద ల్యాబులో ఇచ్చి రమ్మంది. అమ్మ వెళ్ళింది కూడా. కౌంటరు దగ్గర వరసలో సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నాన్న ఒంటి వేడి ఇంకా దాంట్లో ఉందనిపించిందట.

"నా వంతు వచ్చినాక ఆడి అమ్మాయిని అడిగా, చూసినాక మాకు తిరిగిస్తారా అని. ఇయ్యరమ్మా, మిగిల్నాక పసుపు సంచిలో ఏసి పంపిస్తారు, కాల్చేస్తారు అంది." అమ్మ నా మొహంలోకి చూసింది. "కాలుస్తారంటే ఎట్టా ఇయ్యను? పొద్దున్దాకా ఆయనలో ఉంది గదా అది."

ముప్పై ఏళ్ళు బట్టీ వేడికి కమిలిన మనిషిని రోజూ ఇంట్లోకి తీసుకున్న ఆడది ఆమె. నిప్పు అన్న మాట ఆమెకు ఎలా వినబడి ఉంటుందో ఇప్పుడు ఆలోచించగలను. అప్పుడు ఆలోచించలేదు. ముక్క చెడకుండా సీసాలో పోసిన మందునీళ్ళు కళ్ళు మండించాయని పారబోసిందట. ముక్కను మంచినీళ్ళతో కడిగి, తెల్లగుడ్డలో చుట్టి, కబరస్తాన్ చూసే వసీం మామ చేత మూరెడు లోతు తవ్వించి పెట్టిందట.

"గడ్డ ఎంతవరకు పోయిందో, నరాల్లోకి దిగిందో లేదో దాన్ని చూసే చెప్పాలి. నీకు తెలుసా అది?" అన్నాను.



అప్పుడన్నాను ఆ మాట. "నాన్నకు ఏమన్నా అయితే అది నీ వల్లే."

వరండాలో అందరూ మా వైపు తిరిగారు. మా అమ్మ ఎవరికీ మాట పడే మనిషి కాదు. ఒకటంటే నాలుగు అంటుంది. ఆ రోజు మాత్రం తన చేతుల వైపు చూసుకుని, కొంగుతో వాటిని కప్పుకుని కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం ఊరికి వెళ్ళాం. బస్సులో వేరు వేరు సీట్లలో కూర్చున్నాం. కబరస్తాన్ అంతా తెల్లగా ఉంది, సమాధులు ఆ తెలుపులో తేలుతున్నట్టున్నాయి. వసీం మామ గడ్డపార భుజాన పెట్టుకుని మా కోసం నిలబడ్డాడు.

"ప్రాణం కోసమైతే తవ్వొచ్చన్నాడు మసీదులో నమాజు చేయించే పేషిమాం గారు" అన్నాడు, అమ్మ అడక్కముందే.

తవ్వుతుంటే మట్టి కింద సున్నం బయటపడింది. అప్పుడు తెలిసింది నాకు మిగతా సగం. మా ఊళ్ళో ఏది పూడ్చినా, చచ్చిన మేకపిల్లనైనా సరే, కుక్కలు తవ్వకుండా పైన రాయి సున్నం పోసి నీళ్ళు చల్లుతారు. అది బుసబుసమని పొంగి, ఆవిర్లు కక్కి గట్టిపడుతుంది. అమ్మ తక్కువ పోయలేదు. ఆయన ముక్క కదా అని డబ్బా నిండా పోసింది. చేతులు పొక్కింది అందుకే.

నేను గుంట పక్కన కూర్చుండిపోయాను. వేడి వల్ల సగం, సున్నపు నీళ్ళ ఘాటు వల్ల సగం, ఆర్ఎన్ఏ అన్నది దాంట్లో మిగలదు. కాలేజీలో మొదటి సంవత్సరం పాఠం అది. ఆ గడ్డలో కబుర్లు మోసినవాళ్ళు ఎవరైనా ఉంటే అందరూ ఆ ఒక్క సాయంత్రంలో నామరూపాల్లేకుండా పోయారు. నిజం చెప్పేస్తాను. ఆ గుంట పక్కన నాకు మొదట గుర్తొచ్చింది నాన్న కాదు, నా థీసిస్. ఆ తరువాతే నాన్న. అందుకు నా మీద నాకు వచ్చిన కోపం కూడా అమ్మ మీదికే తిప్పాను. ఆ ముక్కను తీసుకుని గుంటూరు తిరిగొచ్చేదాకా ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు.

గుంటూరులో పాథాలజిస్టు డాక్టర్ జాహ్నవి ఆ ముక్కను చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది. కోప్పడలేదు. నాలుగు రోజుల తరువాత రిపోర్టు ఇచ్చింది. మధ్యలో ఉన్నది క్యాన్సరే. అంచులు మాత్రం సున్నానికి పాడైపోయాయి, రక్తనాళాల సంగతి చెప్పడం కుదరదు. అవసరమైనంత కోసి ఉంచుకుని, మిగిలింది అమ్మ అడిగితే కాగితం మీద సంతకం పెట్టించుకుని ఇచ్చేసింది.

నాన్నకు ఇదంతా తెలియదు. ఐసీయూలో కళ్ళు తెరిచిన రెండోరోజు మగతగా నవ్వుతూ నాతో అన్నాడు, "ఓ కల వచ్చింది షాహిస్తా. నాలో ఒక ముక్క నాకంటే ముందే బస్సెక్కి ఊరికి పోయింది. కిటికీ పక్కన సీటు కూడా దొరికింది దానికి." నేను ఆయన దుప్పటి సర్దాను. అమ్మ లేచి బయటికి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చాక నాన్న మధ్యాహ్నాలు పడుకుని లేచి, ఏది కలో ఏది నిజమో మమ్మల్నే అడిగేవాడు. బట్టీ చల్లారిందా అనేవాడు. ఎవరో దింపండి అన్నట్టు వినబడిందనేవాడు. నేను శనివారాలు హైదరాబాదు నుంచి వచ్చి పోతుండేదాన్ని. ఒక ఆదివారం పొద్దున అమ్మ ఇంట్లో కనబడకపోతే వెతుక్కుంటూ వెళ్ళాను. కబరస్తాన్‌లో, మిగిలిన ముక్కను మళ్ళీ పూడ్చిన చోట, చేతిలో కర్రతో కూర్చుని ఉంది. ఆ మంచులో కొంగు నెత్తిన కప్పుకుని కదలకుండా ఉంటే మొదట అది ఏదో సమాధి రాయి అనుకున్నాను.

"ఇక్కడేం చేస్తన్నావు?"

"ఈసారి సున్నం పోయలేదు" అంది. "కుక్కలు వస్తాయి గదా."

రోజూ తెల్లవారగానే వెళ్ళి, ఎండ ముదిరేదాకా అక్కడే కూర్చునేదట. నలభై రోజులు అలా కూర్చుంది. ఆ పొద్దున్నే నేను ఆ మాట వెనక్కి తీసుకోవాల్సింది. నోటి దాకా వచ్చింది. పక్కన కూర్చున్నాను కూడా. ఎక్కడో లారీ గేరు మార్చిన చప్పుడు వచ్చింది, పొగ పలచబడి దూరంగా బట్టీ ఒకటి కనబడింది, ఇద్దరం లేచి ఇంటికొచ్చేశాం. నా నోరు మంచిది కాదు, కానీ కావలసినప్పుడే అది పనిచేయదు.

ఇంకొకటి గమనించాను. అమ్మ నాన్నకు వేళకు మాత్రలు వేసేది, జావ కాచేది, కాళ్ళు పట్టేది. కానీ డాక్టరు ఏమన్నాడని గానీ, తరువాత ఏం చేస్తారని గానీ ఒక్కసారి అడగలేదు. గుంటూరు వెళ్ళినప్పుడు డాక్టరు గది బయటే నిలబడిపోయేది. లోపలికి రమ్మన్నా వచ్చేది కాదు.

మూడు నెలలకు స్కాన్ తీశారు. ఊపిరితిత్తుల్లో మూడు మచ్చలు కనబడ్డాయి.

"మూడేనా" అన్నాడు నాన్న డాక్టరుతో, బట్టీలో కాలని రాళ్ళు ఎన్ని మిగిలాయని అడిగినట్టు. మూడు వారాలకొకసారి ఎక్కించే మందు ఉందని, కొందరికి పనిచేస్తుందని, చూద్దామని డాక్టరు చెప్పాడు. ఈ మచ్చలు ఇవాళ నిన్న మొదలైనవి కావని, ఆపరేషన్ నాటికే కంటికి కనబడనంత చిన్నవిగా ఉండి ఉంటాయని కూడా చెప్పాడు. ఇది విన్నది నేనూ నాన్నే. అమ్మ బయట ఉంది.

తిరుగు బస్సులో నాన్న డ్రైవరు వెనక సీట్లో తల వాల్చి పడుకున్నాడు. అమ్మా నేనూ రెండు వరసల వెనక కూర్చున్నాం. సత్తెనపల్లి దాటాక మధ్యాహ్నపు ఎండలో మిరపకళ్ళాలు ఎర్రగా వెళ్ళిపోతున్నాయి. అమ్మ వాటినే చూస్తూ, నా వైపు తిరక్కుండా అడిగింది.

"ఆ రోజు నేను సీసా ఇచ్చేసుంటే ఇయ్యి వచ్చేయి కాదు గదా?"

ఎన్నాళ్ళుగా దాచుకుందో ఆ ప్రశ్న.

"అట్టా కాదమ్మా" అన్నాను. "నాన్నకు చెప్పా గదా, నువ్వూ విన్నావు, ముందు కబురు పోయిద్దని. ఈ మచ్చలు ఆపరేషన్‌కు ముందే బయల్దేరినాయి. నువ్వు ఆ సీసా ముట్టుకోకముందే."

"ఆయన గడ్డలో అట్టాంటి కబురు ఉందని నువ్వు చూశావా?"

"చూళ్ళేదు. చూసే వీల్లేకుండా పోయింది. కానీ మచ్చలు ఎప్పటియ్యో డాక్టరు చెప్పాడు ఇవాళ. ఆ ముక్కను ల్యాబులో చూసినా ఏం చేసేవాళ్ళు? మూడు నెలలు ఆగి స్కాన్ తీద్దాం అనేవాళ్ళు. అదే చేశాం. నువ్వు పూడ్చినందువల్ల మారింది ఏమీ లేదు. పోయింది నా థీసిస్‌లో ఒక కాగితం, అంతే."

అమ్మ ఇప్పుడు నా వైపు తిరిగింది.

"ఇది నీకు ఎప్పుడు తెలిసింది?"

అబద్ధం చెప్పొచ్చు. ఇవాళే తెలిసిందని చెప్పొచ్చు. కానీ నేను చదివిన ఐదేళ్ళ చదువు ఎందుకైనా పనికొచ్చేదుంటే అది ఈ సీటులోనే, ఇప్పుడే అనిపించింది.

"మచ్చల సంగతి ఇవాళే తెలిసింది. కానీ వెళ్ళే కబురు ముందే వెళ్ళిపోతుందని, గడ్డను తర్వాత ఏం చేసినా అది ఆగదని నాకు ఆ రోజే తెలుసు. తెలిసే నిన్ను అట్టా అన్నా. నాకు భయం వేసిందమ్మా. ఎవరినో ఒకరిని అనాలనిపించింది."

అమ్మ నా చెంప మీద కొట్టింది. చిన్నప్పుడు కూడా నేను ఆమె చేత దెబ్బ తినలేదు. బస్సులో అందరూ తిరిగి చూశారు. నాన్న తల ఎత్తి, నిద్రమత్తులో, "ఏందే?" అన్నాడు.

"ఏం లేదు. నువ్వు పడుకో" అంది అమ్మ.

ఆయన మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. నేను ఏడుస్తున్నాను. అమ్మ ఏడవలేదు. కొంగు సర్దుకుని, సంచిలోంచి ఆసుపత్రి ఫైలు బయటికి తీసింది. అది చదవడం ఆమెకు రాదు. అయినా మొదటి కాగితం తెరిచి మోకాళ్ళ మీద పెట్టుకుంది.

"ఆ ఎక్కించే మందు ఎప్పుడు మొదలెడతారు?" అంది. "ఎక్కించేటప్పుడు నేను లోపల కూర్చోవచ్చా? అడిగావా డాక్టర్ని?"

"అడగలేదు."

"అయితే నేనడుగుతా" అంది అమ్మ.